తెర వెనక తొమ్మిదో నంబరు

హలో… ఆ, నేనేరా, ఎక్‌హార్ట్‌ని. ఎక్కడున్నావ్?… స్టేషన్లోనా? రైలెక్కకు. ఫలితం చెప్పాలి.

…లేదు. మా ఆర్కెస్ట్రాలోకి ఎవరినీ తీసుకోలేదు. ట్యూబా బూర ఊదేవాళ్ళు పన్నెండు మందొస్తే పన్నెండు మందినీ పంపించేశారు.

…ట్యూబా అమ్మేసి మామగారి రొట్టెల కొట్లో కూర్చుంటావా? ముందు నా మాట విను, వీలాంట్! మనమేమనుకున్నాం? తెర వెనక వాయించేది ఎవరో ఓట్లేసే మాకు తెలీదు. పేరుండదు, నంబరే. బూట్ల చప్పుడైనా వినపడకుండా తివాచీ పరిచారు. అందుకని వాయించే ముందు గొట్టంలో చేరిన నీళ్ళు ‘ఫూ, ఫూ’ అని రెండుసార్లు ఊదితే అది నువ్వేనని నాకు గుర్తు. అంతేగా?

…ఆ. ఒకటో నంబరు వచ్చాడు. ఫూ, ఫూ. చెయ్యెత్తాను. రెండో నంబరు… ఫూ, ఫూ! అది నువ్వు కాదేమో, ఇదే నువ్వేమోనని మళ్ళీ ఎత్తాను. …నవ్వకు! అందరూ అంతే! ఇరవై ఆరేళ్ళుగా ట్రాంబోన్ బూర వాయిస్తున్నా, రోజూ నేనూ అలాగే నీళ్ళు ఊదుతా. ఆ ముక్క నాకెందుకు తట్టలేదో!

…పదకొండు మందికి వేశాను ఓటు. ‘ఒంట్లో బాగానే ఉందా’ అంది పక్కనున్న ఉర్సులా.

…ఒక్కడికే వెయ్యలేదు. తొమ్మిదో నంబరు. ఊదలేదు, ఏమీ లేదు, నేరుగా మొదలెట్టాడు. అబ్బ, ఏం వాయించాడురా! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీకు పోటీ వీడేననుకుని, కళ్ళు తుడుచుకుంటూనే ‘వద్దు’ అన్నాను.

…ఏమిటి?

…తొమ్మిది నువ్వా?

…నిజాయితీగా గెలవాలనిపించిందా! ఒరేయ్, ఆ ముక్క ముందే నాతో చెప్పి ఏడవచ్చుగా! ఎనిమిది ఓట్లు కావాలి. నీకు ఏడొచ్చాయి.

…అవును. తగ్గిన ఆ ఒక్కటీ నాదే. …మూడేళ్ళు పక్కన కూర్చుని వాయించావు, నీ ఊపిరైనా గుర్తుపట్టలేకపోయాను. సిగ్గుగా ఉందిరా.

…లేదు, తొమ్మిది నువ్వని మిగతా వాళ్ళకీ తెలీదు. గెలిస్తే కదా తెర తీసేది! …అసలు ఫోన్ చేసింది ఇంకో పనికి. శనివారం కచేరీకి ట్యూబా లేదుగా… నిన్నే పిలవమన్నారు. …తాత్కాలికంగానే. ఎప్పట్లాగే. …అందరూ చేతులెత్తారురా, పద్నాలుగు మందీ! ఈసారి నేను కూడా!

…వీలాంట్? ఏమిటా చప్పుడు? ట్యూబా పెట్టె తీస్తున్నావా? ప్లాట్‌ఫారం మీదా?

…వినపడింది. రెండుసార్లు ఊదావు. …ఇప్పుడా ఊదేది!

…హలో?… హలో?