స్టీల్ గిటార్ లేని చోట

(నాష్‌విల్, 1981. ఓరిన్ పాత ట్రక్కు నడుపుతున్నాడు. పక్కన కూతురు మార్లిస్, ఒళ్ళో పార్టీకి తీసుకెళ్తున్న కేకుతో.)

"ఇంకోసారి చెప్పు అమ్మడూ!"

"ఎన్నిసార్లు నాన్నా! కంట్రీ పాటల చార్టులో ఒకటో నంబరు. పాప్ చార్టులో కూడా ఒకటో నంబరు. ఒకే వారం, మన పాటే!"

"రెండింట్లోనూనా!"

"రెండింట్లోనూ! అయ్యో, రోడ్డు చూడు, కేకు పడిపోతుంది!"

"పడితే పడనీ! ముప్పయ్యేళ్ళు బార్లలో తాగుబోతుల ముందు స్టీల్ గిటార్ వాయించానే, ఇప్పుడు న్యూయార్కు టాక్సీల్లో మన పాట వింటున్నారు! ఏదీ, రేడియోలో ఆ పాప్ స్టేషన్ పెట్టు."

"ఎందుకూ... కంట్రీ స్టేషన్లో వస్తుందిగా."

"అందులో నలభైసార్లు విన్నా. పెట్టు."

"ముల్లు అటు తిరగట్లేదు నాన్నా."

"నిన్నటిదాకా తిరిగిందే! జరుగు, నేను పెడతా. ఇదిగో, వస్తోంది! ఉష్! నీ గొంతే! చివరి చరణం ముందు నా చోటొస్తుంది, చూడు."

"అక్కడ నువ్వు రావు."

"ఏంటీ?"

"నువ్వు రావు నాన్నా. పాప్ వాళ్ళకి పంపినదాంట్లో నీ స్టీల్ తీసేశారు. అదుంటే పల్లెటూరి కంట్రీ పాట అని వాళ్ళు వెయ్యరట. మూడు నెల్లుగా చెప్పలేక చస్తున్నా. ఇవాళ పార్టీకి నిన్ను రావద్దందామనుకున్నా, అక్కడ ఎవరైనా నోరు జారతారని."

"పిచ్చిమొహమా! అందుకా నా ట్రక్కెక్కితే చాలు, రేడియోకి కాపలా కాస్తున్నావు?"

"నవ్వుతున్నావేంటి? కోపం రాలేదా?"

"ఎవరి మీద? పాప్ వాళ్ళకి పంపే రోజు నువ్వు స్టూడియో నుంచి ఇంటికెళ్ళాక, గొంతూ వాయిద్యాలూ కలిపే బడ్ నా మొహం చూళ్ళేక గంటసేపు నసిగాడు. 'నాకు చేతులు రావట్లేదు ఓరిన్' అన్నాడు. లేచి, నా గిటార్ సౌండు మీట నేనే కిందికి లాగేశా."

"నువ్వా! నువ్వే తీశావా? పాప్ వాళ్ళ కోసమా?"

"వాళ్ళ మొహం! ఉండు, వచ్చేసింది ఆ చోటు... అదిగో! విన్నావా?"

"ఏముంది నాన్నా, ఖాళీగా ఉంది."

"ఖాళీ కాదే. నువ్వు ఊపిరి తీసుకుంటున్నావు. ఆ మీట లాగేదాకా నా వాయింపు కింద అది నాక్కూడా వినబడలేదు. సౌండు పెంచు!"