ఎడారిల తోడిన చెలిమ

"నాయినమ్మా, చేతులు కడుక్కుందామని నల్ల తిప్పితె ఆగడు తాత. 'నల్ల కట్టెయ్, నల్ల కట్టెయ్' అని గట్లెందుకు మొత్తుకుంటడు?"

అడిగినవా ఆఖరికి? రా, ఇట్ల గద్దె మీద కూసో. జర మెల్లగ మాట్లాడుకుందాం... వద్దులే, గట్టిగనే మాట్లాడుకుందాం. గా మంచంల పండుకున్నోనికి చెవుడనుకుంటున్నవా? పనికి పిలిస్తెనే చెవుడు. ఆయన ముచ్చట తీస్తె చీమ నడిసినా ఇనబడ్తది. ఇంటడు, ఇననియ్యి.

వయసుల ఉన్నప్పుడు మీ తాత అచ్చం నీ అసొంటోడే. లెక్కల మనిషి. గోదారి ఎండుడే ఆలస్యం, ఊర్లె అందరికంటె ముందుగాల ఇసుకల దిగి కర్బూజ తోట పెట్టేటోడు. ఎవలూ నేర్పలే, ఎవలూ చెప్పలే. గింజ నాటకముందే ఎన్ని తీగెలు పారుతయ్, ఎన్ని కాయలు కాస్తయ్, మంచిర్యాల అంగడికి ఎన్ని బండ్లు తోలాలె, అంత నోట్లెనే లెక్క. కాయ ఇంక పువ్వుల ఉండంగనె ఈయన బండి కట్టేటోడు.

చెలిమ అంటె ఎరుకేనా నీకు? నీకేమెరుక, నల్ల తిప్పి తాగెటోనివి. గోదారి ఎండకాలం పైకి ఎండినట్టు కనబడ్తది గని, ఇసుక కింద పారుతనే ఉంటది. మోచెయ్యంత లోతు చేతుల్తోని ఇసుక తీస్తె అడుగున తడి తగులుతది. జరసేపు ఆగితె నీళ్ళు ఊరుతయి. తేటగ, సల్లగ. గదే చెలిమ. మేం తాగింది గవే నీళ్ళు, తోటకు పోసింది గవే నీళ్ళు. మీ తాత చెయ్యి పెట్టినకాడ నీళ్ళు పడకపోవుడు అనేది లేకుండె. ఊరంత పేరు. ఇసుక కనబడితె సాలు, ఇగ నీళ్ళకు ఏం ఫికర్ అనేటోడు. గా మాటే మా కొంప ముంచింది.

మా తమ్ముడు మల్లేశం పల్టన్ల, గదే మిలిట్రీల, శేరిండు. ఆన్ని బికనీరు అవతల్కి ఏసిన్రు. ఎడారి అట. ఏండ్లకు ఏండ్లు సెలవు దొరకలే. ఉత్తరం రాపిచ్చిండు... కాదు, ఆడే రాసిండు, ఆనికి సదువు వచ్చు, సదివిపిచ్చుకునుడు మాకు. "అవ్వా, ఈడి నీళ్ళు ఉప్పుప్పగ ఉంటయి. గోదారి నీళ్ళు తాగుతున్నట్టు కల పడ్తుంది" అని రాసిండు. మా అవ్వ ఇని ముఖం అటు తిప్పుకున్నది. అప్పటికే మంచంల పడ్డది, లేవదు. యాసంగి కోతలైనంక నన్ను మీ తాతను పిలిచి, రాగిచెంబు నిండ గోదారి నీళ్ళు తెప్పిచ్చి, మూత మీద బట్ట గట్టి, సుట్టూర మైనం పోపిచ్చి నా ఒళ్ళె పెట్టింది. "నా కొడుకు చేతుల పడేదాంక ఇది ఇప్పొద్దు బిడ్డా. నేను పోయి ఆన్ని సూడలేను. ఇవి తాగితె ఆడు నన్ను సూసినట్టే" అన్నది. చేతుల చెయ్యేసి మాటిచ్చిన. మాటిచ్చినంక ఇగ ఆ చెంబు నాకు ఇంకో పసిపిల్ల అయింది. ఇంటి పిల్ల ఉండనే ఉన్నది గద, మీ మేనత్త లచ్చవ్వ, గప్పుడు మూడేండ్లదో, రెండు నిండినయో.

మంచిర్యాలల బండెక్కినం. తాగుతందుకు మట్టికూజ కొన్నం, రెండణాలు... కాదు కాదు, అప్పటికి కొత్త పైసలు వచ్చినయ్. ఎంతనో ఆయన్నే అడుగు, చెప్తడు. ఢిల్లీల దిగినం. ఢిల్లీల ఏం సూసినవ్ అంటె ఏం చెప్పాలె? ప్లాట్‌ఫారం సూసిన. మంచిగనే ఉన్నది. ఆడ చిన్న పట్టాల బండి ఎక్కినం. పొగబండి, బొగ్గు ఇంజను. తెల్లారి కిటికీల నుంచి సూస్తె ఇసుక.

బిడ్డా, గంత ఇసుక నేను బతుకుల సూడలే. పొద్దు పొడిస్తె బంగారం రంగు, జర పైకెక్కితె జొన్నపిండి రంగు. గుట్టలు గుట్టలు. మీద గాలి గీసిన గీతలు, అచ్చం గోదారి తగ్గినంక ఒడ్డుకు పడే గీతలే. మీ తాత కిటికీకి అతుక్కపోయిండు.

"సూసినవానే, ఎంత పెద్ద నదో! నీళ్ళు పోయిన జాడ గూడ ఉన్నది" అన్నడు.

"మరి ఒడ్డేది?" అన్న.

"వస్తది. గింత ఆగు."

పట్టాల పక్కన తారుకంబాలు లెక్కపెట్టుకుంట కూసున్నడు, నది ఎడల్పు కట్టెతందుకు. కంబాలు పోతనే ఉన్నయ్, ఇసుక పోతనే ఉన్నది, ఒడ్డు రాలే. అయినా ఒప్పుకుంటడా? "గింత జాగల కర్బూజ పెడితె ఊరూరికి పంచచ్చు" అని తోటలు గూడ పెట్టిండు, బండ్లు గూడ కట్టిండు.

గా ఇసుకల నాకు జమ్మిచెట్టు కనబడ్డది. అబద్ధం గాదు, మన దసరా జమ్మే. కొమ్మలు నరికేసి మొండిగ ఉన్నది, మొదట్ల ఒంటె పండుకున్నది. ఎవలూ ఎరుకలేని జాగల మనూరి మనిషి ఎదురొచ్చినట్టయి దండం పెట్టిన. మీ తాత నవ్విండు. ఇంక జర దూరం పోయినంక, ఎర్ర పావడలు, పచ్చ పావడలు, ఆడోళ్ళు వరుసగ పోతున్నరు ఇసుకల, నెత్తి మీద కుండ మీద కుండ. సుట్టూర ఇల్లు లేదు, ఊరు లేదు. "పెండ్లికి పోతున్నరు, ఐరేణి కుండలు ఎత్తుకొని" అన్నడు మీ తాత. ఆయనకు అన్నీ ఎరుకే.

మా ఎదురు సీట్ల ఒక ముసలామె. ముసుగు గదవ దాంక. ఒళ్ళె ఇత్తడిబిందె, కాళ్ళకాడ మేకపిల్ల. బిందెను రెండు చేతుల్తోని పట్టుకొని కూసున్నది, నేను చెంబు పట్టుకున్నట్టే. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం సూసుకొని నవ్వుకున్నం.

ఇంజను బొగ్గు ముఖాల నిండ పడ్డది. మీ తాత కూజ తీసిండు. ముఖం కడిగిండు. పిల్ల ముఖం కడిగిండు, కాళ్ళు కడిగిండు. సద్దిగిన్నె గూడ తొలిసిండు. "అయ్యో, ఉంచరాదు" అన్న. "బయట సూడు. ఇంత ఇసుక పెట్టుకొని నీళ్ళకు ఏడుస్తరా ఎవలన్న? బండి ఆగినకాడ చెలిమ తోడుత" అన్నడు. నీళ్ళు కింద పడుతుంటె ఎదురుంగ ఉన్న ముసలామె గబుక్కున తన పళ్ళెం కింద పెట్టి పట్టుకున్నది. కడిగిన నీళ్ళు! మేకపిల్లకు తాపింది. "పాపం, పిచ్చిదనుకుంట" అన్నడు మీ తాత, తెలుగులనే.

పొద్దు నెత్తి మీదికి వచ్చే యాళ్ళకు గాలి లేసింది. బండి ఆగింది. టేషన్ లేదు, ఏం లేదు. పట్టాల మీద ఇసుక పోసిందట గాలి. పారలు పట్టుకొని తీస్తున్నరు ముందట. తీసినకొద్ది పడ్తుంది. డబ్బా పెనం లెక్క కాలుతుంది. లచ్చవ్వ షురూ చేసింది, "అవ్వా నీళ్ళు" అని. కూజ వంచిన. ఒక్క సుక్క పడ్డది, గది నా చెయ్యే తాగింది.

"పరేషాన్ గాకు" అని ధోతి ఎగ్గట్టి దిగిండు మీ తాత. పోయి, చెవి పెట్టి ఇన్నట్టు ఇసుక సూసి, "ఈడ ఉన్నయ్" అన్నడు. తోడుడు మొదలు పెట్టిండు. మోచెయ్యి దాంక తోడిండు. జబ్బ దాంక తోడిండు. నడుం దాంక దిగిండు. పక్కలకెళ్ళి ఇసుక జారి మళ్ళ నిండుతుంది, ఈయన మళ్ళ తోడుతుండు. డబ్బలున్నోళ్ళంత దిగి సుట్టూర నిలబడ్డరు. ఏం పోయిందో ఎతుకుతుండు అనుకొని ఇద్దరు పెద్దమనుషులు సాయం గూడ పట్టిన్రు! ఏం పోయింది భాయీ అని అడిగితె, పానీ అన్నడట. గంతే, ఒకటే నవ్వు. ఒకాయన దూరంగ ఎండల మెరిసేది సూపెడితె, అగో నీళ్ళు అని మీ తాత అటు సుత ఉరికిండు కొంత దూరం. ఉరకలేదా? ఓ ముసలోడా, ఉరకలేదా? సూడు, దుప్పటి ముఖం మీదికి గుంజుకున్నడు.

నవ్వుతున్న గని బిడ్డా, గప్పుడు నాకు నవ్వు రాలే. పిల్ల ఏడుపు ఆగిపోయింది. ఏడుస్తె మంచిగుండు. పెదవులు ఎండి, మెడ నా భుజం మీద ఏలాడేసింది. నా దగ్గర నీళ్ళు లేవా అంటె ఉన్నయ్. చెంబు నిండ ఉన్నయ్. ఒక దిక్కు మా అవ్వ చెయ్యి, ఒక దిక్కు నా బిడ్డ నోరు. నాకు నేనే అనుకున్న, అవ్వ అయినా ఇప్పుమనే అంటది గద అని. మైనంల గోరు పెట్టిన.

ముసలామె నా మణికట్టు పట్టుకున్నది. "గంగాజీ?" అన్నది చెంబు సూపెట్టి. "గోదావరి" అన్న. నిజాం జమాన్ల పుట్టినోళ్ళం, ఏదో జర ఉర్దూ వచ్చు గద. మా తమ్మునికి మా అవ్వ పంపింది అని వచ్చిరాని మాటల్తోని చెప్పిన. సమజైందో, నా కండ్లు సూసి అర్థం చేసుకున్నదో. నా చెయ్యి చెంబు మీదికెళ్ళి తీసి పక్కకు పెట్టింది. తన బిందె మూత ఇప్పి, దోసిట్ల పోసి పిల్లకు తాపింది. ఒక్కసారి గాదు, జర ఆగి, జర ఆగి. లచ్చవ్వ కండ్లు తెరిచి మేకపిల్లను సూసింది. అప్పుడు నాకు ఏడుపచ్చింది.

మీ తాత ఒళ్ళంత ఇసుక అయి ఎక్కిండు. ఆ ముసలామె ఆయనకు గూడ దోసిట్ల పోసింది, పళ్ళెం మటుకు కింద పెట్టుడు మరువలే. ఒక్క సుక్క కింద పడనియ్యలే మీ తాత. పళ్ళెం ఉత్తగనే ఉన్నది. సూసి ముసుగుల నవ్వింది.

బండి కదిలింది. మళ్ళ ఇసుకనే, మళ్ళ జమ్మిచెట్లే. మళ్ళ కుండలెత్తుకొని ఆడోళ్ళు, ఇంకో వరుస. ఈసారి మీ తాత పెండ్లి అనలే. ఎంత దూరంకెళ్ళి వస్తున్నరో అని వాళ్ళు సుక్కలయ్యేదాంక మెడ తిప్పి సూసిండు. కంబాలు లెక్కపెట్టలే, తోటలు పెట్టలే. ఆయన ఉత్తగ సూసుడు నేను సూసింది గప్పుడే.

తన టేషన్ వచ్చినప్పుడు ముసలామె చెంబు అడిగింది. ఇచ్చిన. కండ్లకద్దుకొని, చెవికాడ పెట్టుకొని మెల్లగ కదిలిచ్చింది. లోపల నీళ్ళ సప్పుడు ఇన్నది. ఇని, నా ఒళ్ళె పెట్టి, మేకపిల్లను సంకల ఎత్తుకొని దిగి పోయింది. పేరు గూడ అడుగలేదు బిడ్డా నేను.

మల్లేశం మైనం ఊడబీకి తాగిండు. జరంతే తాగి, మూత పెట్టి, చెంబు ఒళ్ళె పెట్టుకొని శానాసేపు కూసున్నడు. ముచ్చటంత ఇన్నంక మీ తాతను సూసి, "బావా, ఈడ మా పల్టన్‌కు గూడ ఒక చెలిమ తోడిపో" అన్నడు. గా మాట ఊరికి మాకంటె ముందుగాల వచ్చింది! ఏండ్ల దాంక మీ తాతను గోదారి ఒడ్డుకు సూస్తె సాలు, "బికనీరు పోయొస్తున్నవా" అని అడిగేటోళ్ళు. మా అవ్వ ఒక్కతే నవ్వలే. "ఇప్పలేదు గద?" అని అడిగింది. "ఇప్పలేదవ్వా, ఆడే ఇప్పిండు" అన్న. "ఆ ముసలామెకు ఏం బెట్టినవ్?" అన్నది. ఏం పెట్టలేదు అన్న. పండుకున్నకాడికెళ్ళే ఆ దిక్కు తిరిగి దండం పెట్టింది.

గదీ ముచ్చట. ఇగ అడుగకు, నల్ల ఎందుకు కట్టేయమంటడు అని. నువ్వు ఏడికి పోయినా ఇసుక తీసినకాడ నీళ్ళు ఊరాలె బిడ్డా. ఊరకుంటె, ఎదురు సీట్ల గసొంటి మనిషన్న ఉండాలె. సల్లగుండు... అగో, లేస్తుండు సూడు ముసలోడు. ఏంది? సుక్కలు పడుతున్నయా? పో బిడ్డా, పో, నల్ల గట్టిగ తిప్పు. లేకుంటె పళ్ళెం తెచ్చి పెడతడు కింద...