కోసేసిన ప్లగ్గులు

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం. మంచం మీద తెరిచిన పెట్టె. భార్యాభర్తలు.

“అడాప్టర్ ఎక్కడ పెట్టావే?”

“పెట్టలేదు.”

“పెట్టలేదంటే?”

“కొనలేదు. సాక్సులు ఇన్ని జతలు చాలా?”

“సాక్సుల సంగతి తర్వాత. రేపు పొద్దున్నే విమానం. మన గుండ్రటి పిన్నులు అక్కడ దూరవని తెలుసుగా!”

“తెలియకేం? వెళ్ళినప్పుడల్లా కొని పెట్టింది నేనేగా. మీరేమో ప్రతిసారీ హోటల్లో మర్చిపోయి రావడం.”

“పని హడావుడిలో ఏదో...”

“నాకు విసుగొచ్చిందండీ. ఈసారి అడాప్టర్ అక్కర్లేదు. ఆ లాప్‌టాప్ ఛార్జర్ వైరు చూడండి.”

“ఇదేంటిది? పలక పిన్నులు... నా ఛార్జర్ కోయించావా?”

“కరెంటు సామాన్ల షాపులో పాతది కోసేసి, అక్కడి ప్లగ్గు బిగించారు. షేవింగ్ మిషనుకీ, ఇస్త్రీపెట్టెకీ కూడా.”

“మతి పోయిందా? పది రోజుల పనికి ఎవరైనా ప్లగ్గులు కోయిస్తారా? షాపువాడైనా చెప్పలేదా?”

“చెప్పాడు. ఊరికే వెళ్ళొచ్చేవాళ్ళకి అడాప్టర్ చాలమ్మా, అక్కడే కాపురం పెట్టేవాళ్ళకి ఇలా మారుస్తాం అన్నాడు.”

“మరి?”

“మార్చమన్నాను.”

“బాగుంది! తిరిగొచ్చాక ఇవన్నీ ఎక్కడ పెట్టుకోను, నా నెత్తినా?”

“ఈ స్వెట్టర్ కూడా పెట్టేస్తున్నా. చలికాలానికి పనికొస్తుంది.”

“చలికాలమేంటి? నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి?”

“కేకలొద్దు. ఓపిక లేదు నాకు. మొన్న ఆ హోటల్‌కి ఫోన్ చేశాను, మా ఆయన మర్చిపోయిన అడాప్టర్లు కాస్త దాచిపెట్టండి, ఈసారి వచ్చి తీసుకుంటారని.”

“హోటల్‌కా? ఎందుకూ... నన్నడిగితే సరిపోయేదిగా.”

“ఆయన మా దగ్గర దిగి రెండేళ్ళయిందమ్మా అన్నారు. ఏమైనా ఉంటే చెప్పమని మీరిచ్చిన నంబరొకటి ఉందట. అదిచ్చారు.”

“అది... అది మా ఆఫీసతనిది. ఇలా చూడు, నేను చెప్పేది విను...”

“చేశాను.”

“చేశావా?”

“చేసి, ఆ పూటంతా ఏడ్చాను. ఇంక ఏడవలేను, అలిసిపోయాను. ఆ తువ్వాలు ఇలా అందుకోండి.”

“అసలు... ఎవరెత్తారు?”

“ఆవిడే. ఏ ప్లగ్గు బిగించాలమ్మా అని నేనడిగితే, పాపం, అక్కడి మీ పడగ్గది గోడకున్న ప్లగ్ పాయింటు ఫొటో తీసి పంపింది.”