ఒక్కటే స్టేషన్

రాజాంలో రేడియోలు బాగుచేసే కొట్టు. ముసలాయన సంచిలోంచి రేడియో తీసి బల్ల మీద పెట్టి, పీట మీద కూలబడ్డాడు.

“మల్లీ ఏటైనాది మావా?”

“స్టేషన్ జారిపోతన్నాదిరా. నాను పొలం ఎల్లగానే గరగరలాడతాది. మీ అత్తకి సెయ్యీ కాలూ పడిపోనాయి కదా, నాబ్ తిప్పుకోనేదు. నానొచ్చేదాకా ఆ గరగరే ఇంటూ పడుంటాది.”

కొట్టతను రేడియో వెనక మూత విప్పి చూశాడు. “ఈ తీగసుట్ట మీద మైనం ఉండాల, ఏదీ?”

“మురికనుకుని గీకేసినాను.”

“బలే తుడిసినావు! స్టేషన్‌ని పట్టి ఉంచేది ఈ ఆసిలేటరే. మైనం పోతే సుట్ట కదులుతాది, వేడెక్కితే స్టేషన్ జారతాది.”

“అయితే మల్లీ మైనం పొయ్యి.”

“పోసినా పాత సామాను, కొంత జారతాది. క్రిస్టల్ అని బిళ్ల ఉన్నాది. అది పెడితే వెంట్రుకంత కూడా కదల్దు. కానీ నాబ్ తిప్పినా ఇంకోటి రాదు. ఎప్పుడూ ఒక్కటే స్టేషన్.”

“సాల్రా. పొలానికీ ఇంటికీ తిరగలేక అలిసిపోనాను. అదే పెట్టీ.”

“ఏది పెట్టమంటావు, విశాఖపట్నమా, విజయవాడా? అత్తకేది ఇష్టం?”

ముసలాయన ఇన్నాళ్లూ పొలం వెళ్లే తొందరలో ఏది తగిలితే అదే పెట్టి వెళ్లిపోయేవాడు.

“ఇంకా ఏటీ ఊడదియ్యకు,” అంటూ మోకాళ్లు పట్టుకుని లేచాడు. “ఇంటికెల్లి దాన్నడిగొస్తాను.”