కృష్ణను పిండేసిన పరుపుల కరిముల్లా

“సరంగు గొప్పవాడంటావా? ఆ సరంగు వేషం కట్టినాయన నా మెడ పట్టుకు వేలాడుతూ భోరుమని ఏడ్చాడయ్యా ఏసుపాదం! నా చొక్కా తడిసింది కృష్ణ నీళ్ళకి కాదు, ఆయన కన్నీళ్ళకి!”

పరుపుల కొట్టు కరిముల్లా ఈ మాట అనేసరికి బెజవాడ వన్ టౌన్‌లో సంపూర్ణమ్మ టీ కొట్టు దగ్గర తగువు టక్కున ఆగింది.

తగువు సినిమా గురించి. నలభై ఏళ్ళ కిందటి లాంచీ సినిమాని శుక్రవారం మళ్ళీ విడుదల చేస్తున్నారు. వరదలో ఇంజను చెడిపోయిన లాంచీ, నది మధ్య లంకలో చిక్కుకుపోయిన ప్రయాణికులు, ఓ పక్క ఆకలి, ఓ పక్క పెరుగుతున్న నీళ్ళు. అదీ కథ. లాంచీ నడిపే సరంగు అంటే రిటైర్డ్ కండక్టరు ఏసుపాదానికి ప్రాణం. లంకలో పురుడు పోసిన మంత్రసాని ముందు సరంగు ఎంత అంటుంది సంపూర్ణమ్మ. బియ్యం మూట దాచేసుకుని, చివరికి మనసు కరిగి అందరికీ వండిపెట్టిన కాంట్రాక్టరే హీరో అంటాడు ఆటో పాల్.

వీళ్ళ మధ్య ఫోను రికార్డింగులో పెట్టుకుని కూర్చుంది సాయిశ్రీ. పాత సినిమాల అభిమాన సంఘం అమ్మాయి. ఆ షూటింగు యనమలకుదురు దగ్గర లంకలోనే జరిగింది. ఒకరోజు లాంచీ నిజంగానే నటులతో సహా కొట్టుకుపోతుంటే, ఎవరో ఊరి మనిషి కాపాడారట. ఆ మనిషెవరో పట్టుకుని, మొదటి ఆటకి ముందు స్టేజీ ఎక్కించి శాలువా కప్పాలని ఆమె తిరుగుతోంది.

“ఇంక తిరగక్కర్లేదమ్మా, దొరికేశాడు,” అన్నాడు కరిముల్లా బల్ల మీద సర్దుకుంటూ. “నేను మొదట చేసింది పెద్ద పనేం కాదు, ఒడ్డున లాంచీ తాడు పట్టుకుని నిలబడటం, అంతే, ఉన్నమాట చెప్పుకోవాలి. డైరెక్టరు గారు ‘కరిముల్లా గారూ, మీరు పట్టుకుంటేనే నాకు ధైర్యమండీ’ అనేవారు. ఆ రోజు పైన బ్యారేజీ గేట్లు ఎత్తారు. నీళ్ళు ఎర్రగా, సుళ్ళు తిరుగుతూ వచ్చేశాయి. తాడు ఫట్‌మని తెగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“దూకేశారా భాయ్?” అన్నాడు పాల్.

“దూకడం ఏవిటి, చొక్కా గుండీలు విప్పే టైమేదీ! తెగిన తాడు పళ్ళతో పట్టుకుని ఈదాను. లాంచీ ఏమో అవనిగడ్డ వైపు పోతానంటుంది, నేనేమో బెజవాడ రమ్మంటాను. కాసేపు అది లాగింది, కాసేపు నేను లాగాను. దానికి ఇంజను లేదు, నాకుంది!” అని గుండె మీద కొట్టుకున్నాడు.

“మరి లోపలున్నవాళ్ళో?” అంది సాయిశ్రీ.

“అదే చెప్తున్నా. లాంచీని లంకకి చేర్చి పైకెక్కి చూస్తే, మన సరంగు గారు బల్ల కింద. తెర మీద తుఫానుని తిట్టిన మనిషి, కప్ప బెకబెకమంటే ఉలిక్కిపడుతున్నాడు. ఆ మంత్రసాని గారున్నారే, సంపూర్ణమ్మా, నీకు నచ్చినావిడ, ఆవిడ చంటిపిల్ల బొమ్మని నీళ్ళలో పారేసి నా భుజం ఎక్కేశారు. ఒక్క కాంట్రాక్టరు వేషం వేసినాయనే మంచివాడమ్మా. తన దగ్గరున్న ఒక్క అరటిపండూ నాకే ఇచ్చాడు, ‘మీరు తింటే మేమందరం బతుకుతాం’ అని.”

“నేను చెప్పలా!” అని పాల్ తొడగొట్టాడు.

“ఒక్క అరటిపండుతో యూనిట్ అంతా ఎన్నాళ్ళు బతుకుతుందయ్యా? అందుకని నీళ్ళలో చెయ్యి పెట్టాను. బొచ్చె చేప తగిలింది. చిన్నదే, మన కొట్టంత ఉంటుంది. పైకి లాగితే కృష్ణలో నీళ్ళు జానెడు తగ్గాయి. పొలుసులు ఒలిచి తలా ఒకటి పళ్ళెంగా ఇచ్చాను, పులుసు పెట్టాను, ఆ వాసనకి కంకిపాడు సంతలో బేరాలు ఆగిపోయాయంటే నమ్ము. తిన్నాక ముళ్ళు నిలబెట్టి, పైన తాటాకు కప్పి, అందర్నీ ఆ గుడిసెలో పడుకోబెట్టాను.”

“ఆ పులుసులోకి చింతపండు ఎక్కడిదో?” అంది సంపూర్ణమ్మ.

“అడ్డు రాకమ్మా, అసలు సంగతి ముందుంది!”

సరిగ్గా అప్పుడే భోజనం క్యారేజీతో ఆయన భార్య అన్వరీ వచ్చి వెనకాల నిలబడింది. అందరూ చూశారు, ఆయన తప్ప. ఏసుపాదం నోరు తెరవబోతే ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది.

“గన్నవరం నుంచి విమానం పంపారు. వాళ్ళు పైనుంచి తాడు వదిలారు. పట్టుకున్నాను. పట్టుకుంటే ఏమైంది? విమానం కదలదే! నా పట్టు అలాంటిది మరి. ఎడమ చేతిలో విమానం గాలిపటంలా ఊగుతోంది, కుడి చేతిలో లాంచీ, నోట్లో బీడీ. బీడీ ఆరనివ్వలేదు! పైలట్ కిటికీలోంచి దణ్ణం పెడుతున్నాడు, ‘వదలండి సాయిబు గారూ, డ్యూటీ దిగాలి’ అని. సరే పాపం, వదిలేశాను.”

“వదిలేస్తే మరి వరద?” అన్నాడు ఏసుపాదం నవ్వు ఆపుకుంటూ.

“అదీ ప్రశ్నంటే! నేనెవర్ని? పరుపుల వాణ్ణి. మా కొట్లో దూది బేళ్ళన్నీ తెప్పించాను. ఒక్కోటీ విప్పి కృష్ణలో పరిచాను, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. దూది నీళ్ళు తాగడం మొదలెట్టింది. తాగింది, తాగింది, అడుగున ఇసక కనపడేదాకా తాగింది. చేపలు కాళ్ళు లేక ఆగాయి గానీ లేకపోతే నడిచి పోయేవి. లాంచీ పొడి ఇసకలో కూర్చుంది. అందరూ చెప్పులు తడవకుండా ఒడ్డుకి నడిచారు. అప్పుడు ఆ దూదినంతా చుట్టి, మోకాలు కింద పెట్టి, బందరు కాలవలోకి పిండాను. ఆ ఏడు దివిసీమ దాకా మూడో పంట పండింది. శుక్రవారం శాలువా మీ ఇష్టం, నాకేం ఆశ లేదు. ఆకుపచ్చదైతే బావుంటుంది.”

“తాడు తెగలేదు,” అంది వెనకనుంచి అన్వరీ.

కరిముల్లా నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

“ముడి ఊడింది. కట్టింది ఈయనే. లాంచీ కదలగానే కంగారుపడి నీళ్ళలో పడ్డాడు. మా నాన్న అక్కడ బల్లకట్టు నడిపేవాడు. ఆ రోజు ఆయనకి జ్వరమొస్తే గడ వేస్తున్నది నేనే. జుట్టు పట్టుకుని పైకి లాగాను. అప్పట్లో జుట్టుండేదిలే.”

“లోతెంత వదినా?” అన్నాడు పాల్.

“నిలబడితే నడుం దాకా. నిలబడాలన్న సంగతి తట్టలేదు పాపం.”

బల్ల మీద వాళ్ళు పడీపడీ నవ్వారు. సాయిశ్రీ మాత్రం నవ్వలేదు. ఫోను తీసి అన్వరీ ముందు పెట్టింది.

“మరి లాంచీని ఆపింది ఎవరాంటీ?”

అన్వరీ క్యారేజీ బల్ల మీద పెట్టింది. కాస్త సిగ్గుపడింది. “లోపల ఆడాళ్ళు అరుస్తున్నారమ్మా. బల్లకట్టు దాని ముందుకి తోసుకెళ్ళి తాడు విసిరాను. రెండుసార్లు జారిపోయింది. మళ్ళీ విసిరితే ఎవరో అందుకున్నారు. గడ ఇసకలో దిగ్గొట్టి లాక్కుంటూ ఒడ్డుకి తెచ్చాను. అరచేతులు పచ్చి పుండైపోయాయి. పేరు కూడా అడక్కుండా వాళ్ళు మద్రాసు వెళ్ళిపోయారు.”

సంపూర్ణమ్మ స్టవ్ సిమ్‌లో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఆమె కూర్చోడానికి తన స్టూలు తెచ్చి వేసింది.

“శుక్రవారం మీరు రావాలాంటీ,” అంది సాయిశ్రీ.

“నాకెందుకమ్మా స్టేజీలూ అవీ...”

“ఎందుకేవిటి!” కరిముల్లా లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో సిగ్గన్నది లేదు సరికదా, ఇందాకటికంటే వెలిగిపోతోంది. “వస్తుందమ్మా, నేను తీసుకొస్తా! వినండయ్యా, ఈవిడ గడ వేస్తే మామూలుగా ఉండేదనుకున్నారా? కృష్ణ పక్కకి తప్పుకుని దారిచ్చేది! నన్ను జుట్టు పట్టుకుని ఒక్క లాగు లాగితే ఎక్కడ పడ్డానో తెలుసా? తిన్నగా వాళ్ళ నాన్న కాళ్ళ మీద పడ్డాను, మీ అమ్మాయిని నాకివ్వండి అని!”

సాయిశ్రీ నవ్వుతూ రికార్డింగు ఆపబోయింది.

“ఆపకమ్మా,” అంది అన్వరీ. “ఆయన చెప్పినదాంట్లో ఈ చివరి మాటొక్కటే నిజం. అది ఉండనీ.”