గొలుసుకు రెండు కొసలు

అధ్యక్షస్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ రామచంద్రమూర్తి గారికి, వేదిక మీది పెద్దలకు, సాటి అధ్యాపకులకు, బయట ఆరబోసిన మిర్చి ఘాటుకు తుమ్ముతూ కూడా లేచి వెళ్ళని మా పిల్లలకు, ముందు వరుసలో కూర్చుని త్వరగా ముగించమని సైగ చేస్తున్న మా ఆవిడ ఎలీసమ్మకు నమస్కారం. (నవ్వులు)

శాలువా కప్పారు, దండ వేశారు, నతానియేలు మాష్టారు శాంతమూర్తి అన్నారు. మా ఇంట్లో విచారించాల్సింది. (నవ్వులు) కానీ ఈరోజు నా గుండె తేలికపడింది వీటివల్ల కాదండీ. పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూస్తే, అంతర్జాల విజ్ఞానసర్వస్వానికి నేను రాసిన వ్యాసం ఆమోదం పొందింది. హమ్మయ్య అనుకున్నాను.

వ్యాసం ప్రొటీన్ల గురించి. ప్రొటీన్ అంటే పొడవైన గొలుసు; అది ముడుచుకునే తీరునుబట్టే దాని పని. అసలు ఆకారం మహా చిక్కు కాబట్టి శాస్త్రవేత్తలు దాన్ని గళ్ళ మీద పేర్చిన పూసల వరుసగా సులువు చేసుకుంటారు. నీళ్ళంటే పడని పూసలు లోపలికి, పడేవి బయటికి. మన పిల్లల్లో సగంమంది మిరపకోతలకు వెళ్ళి వచ్చేసరికి ఈ పాఠం అయిపోయేది, మళ్ళీ చెప్పమని అడగడానికి మొహమాటం. చేను గట్టున కూర్చుని ఫోనులో చదువుకునేలా తెలుగులో ఒక్క వ్యాసం ఉండాలని, నేను రిటైరై వెళ్ళిపోయేలోగా అది నిలబడాలని నా పంతం.

అక్కడ యాస్మిన్ గారని ఒక సమీక్షకురాలు. నేనింతవరకు చూడలేదు. నా చిత్తుప్రతిలో ప్రతి వాక్యం పక్కన "ఎవరు చెప్పారు?" అని అడిగారు. నేనే చెప్పానండీ, ఉద్యోగంలో చేరినప్పటినుంచీ చెబుతున్నాను అని రాశాను. "అది చాలదండీ, ఆధారం కావాలి. ఈ పూసల నమూనా ఏం చూపించలేదో కూడా రాయండి" అన్నారు. ఒళ్ళు మండింది. మండుతూనే వెతికి రాశాను.

ఆ తర్వాత బొమ్మ. లెక్కల మేడమ్ బాలత్రిపురసుందరి గారు చుక్కలు పెట్టి చక్కగా వేసిచ్చారు. అదీ తిరిగొచ్చింది. గొలుసు కొస వెళ్ళి మొదటి పూసకే కలిసిపోయిందట! ఏమిటి మేడమ్ అంటే, "ముగ్గు గీత కలపకుండా వదిలేస్తే ఇంటికి మంచిది కాదండీ, చెయ్యి రాలేదు" అన్నారు. (నవ్వులు) ఇది వాకిలి కాదు మేడమ్, ప్రొటీనండీ, గొలుసుకు రెండు కొసలూ విడిగా ఉండాలి అని బతిమాలితే కొసలు విడదీశారు. మనసొప్పక ఆ సాయంత్రం వాళ్ళ వాకిట్లో ఇంకో ముగ్గు వేసి, దాన్ని మాత్రం గట్టిగా కలిపారట. ఆ బొమ్మ పంపాకే ఆమోదం వచ్చింది. మేడమ్, మీ రుణం తీర్చుకోలేను.

మార్టూరు నుంచి వచ్చే ఫెబా మీకు తెలుసు, రెండో సంవత్సరం. నెలరోజులుగా కోతల్లోనే ఉంది. మధ్యాహ్నం ఆ వ్యాసం చదివి నా దగ్గరికొచ్చి, "అంతా అర్థమైంది సార్, ఇంక మీరు చెప్పక్కర్లేదు" అంది.



ఇన్నేళ్ళూ నేను కోరుకున్న మాట అదేనండీ. వినగానే ఎందుకో కళ్ళు చెమర్చాయి. రేపటినుంచి నాకేం పని అని దిగులుగా ఉంది, దాచను. కానీ దిగులుకన్నా నిశ్చింతే ఎక్కువ. వచ్చే కోతలకు పిల్లలు వెళ్ళినా పాఠం వాళ్ళ వెంటే ఉంటుంది.

ఇంతసేపు ఓపికపట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఫెబా, ఎక్కడైనా అర్థంకాకపోతే మా ఇంటికి... వద్దులే, చదువుకో తల్లీ. సెలవు.