ఎడమ చెంప

అది కాదు మాస్టారూ, నా కుర్చీకేం వచ్చింది చెప్పండి? అదే సబ్బు, అదే అద్దం. ఇరవై ఏళ్లుగా నాన్న చేతే గడ్డం గీయించుకుంటున్నారు, కాదనను. ఇవాళ ఒక్కరోజుకి కొడుకుతో సర్దుకోండి. మెడ వెనక్కి పెట్టండి. ఆఁ, అలా.

నురగ పెట్టాక నోరు తెరవకూడదు. నేనే మాట్లాడతాను. మాట్లాడకపోతే పిచ్చెక్కేలా ఉంది నాకు. గొంతు మాత్రం తగ్గిస్తాను, ఆయన గుమ్మం బయట బల్ల మీదే పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

పోయిన వారం ఇక్కణ్ణుంచి ఇంటికెళ్లి ఎడమ చెంప మళ్లీ గీసుకున్నారట కదా? మీ ఆవిడ మా అమ్మతో అన్నారు. తల ఊపకండి, తెగుతుంది! మరి నాతో ఒక్క మాట అనొచ్చుగా? "మీ నాన్న సగం వదిలేశాడురా" అంటే మీ సొమ్మేం పోయింది? మొహమాటమట, మొహమాటం!

అలా గుడ్లురిమి చూడకండి. సరే, నాకూ తెలుసు.

మొదట ఒకాయనకి ఎడమ చెవి దగ్గర జుట్టు అలాగే ఉండిపోయింది. వెలుతురు చాల్లేదనుకుని బల్బు మార్చాను. మళ్లీ అంతే. నాన్న కళ్లజోడు పాతబడిందన్నాను, కొత్తది కొనిచ్చాను. ఆ తర్వాత అద్దానిది తప్పన్నాను, ఊడదీసి జానెడు పక్కకి జరిపాను. నవ్వకండి, చెంప ముడత పడుతోంది. ఆయన ఎడమ భుజం తలుపుకి కొట్టుకుని కమిలిపోతే తలుపుని తిట్టాను. ఇంకేం మిగిలింది తిట్టడానికి?

డాక్టరు దగ్గరికి పోదాం అంటే నాన్న ఏం చేస్తాడో తెలుసా? నా మొహం ముందు చేయి చాపుతాడు. "చూడు, వణుకుందా? కత్తి పట్టేవాడికి చేయి వణికితే రోగం. ఆ రోజు పోదాం" అంటాడు. నిజంగానే వణకదండీ! రాయిలా నిలబడుతుంది ఆ చేయి. అద్దంలో మొహం సగమే కనపడేవాడికి చేయి వణక్కపోతే ఏం లాభం?

అమ్మది ఇంకో వైనం. కంచంలో కుడివైపున్న అన్నం తినేసి "కూర వేయలేదేం" అని అరుస్తాడట. కూర ఎడమవైపు ఉంటుంది, ఆయన ముందే! ఈవిడ కిమ్మనకుండా కంచం తిప్పి పెడుతుంది. తింటాడు. "తిప్పితే తింటున్నారుగా, దానికి డాక్టరెందుకురా" అంటుంది. రెండు పూటలా తిప్పుతోంది మాస్టారూ, నెలన్నరగా!

అక్కకి ఫోన్ చేస్తే "జ్వరముందా? పడిపోయాడా? మరి కంగారెందుకు?" అంది. పడిపోయేదాకా ఆగాలన్నమాట! కసిరి ఫోన్ పెట్టేశాను. పెట్టేసి ఏం చేశాను? నేనూ ఆగాను.

కుడివైపు అయింది. ఉండండి, కత్తి తుడుచుకోనీండి.

మా షాపులో ఓ పద్ధతి ఉంది, మీకు తెలీదు. కుర్చీలో మనిషి ఉండగా ఒకరి తప్పు ఇంకొకరు నోటితో అనకూడదు. పక్కవాడు వచ్చి, మెడకి పౌడరు రాస్తున్నట్టు నిలబడి, చేత్తో దిద్దేసి పోవాలి. నాన్నే నేర్పాడు. నేను పని నేర్చుకునే రోజుల్లో నా తప్పులు అలా ఎన్ని దిద్దాడో! కొన్ని నాకే తెలిసేవి కావు.

అదే నేనూ చేశాను. నెలన్నరగా ఆయన కుర్చీ దిగిన ప్రతివాణ్ణీ "ఒక్క నిమిషం సార్, పౌడరు" అని ఆపి ఎడమ చెంప దిద్దాను. పోయిన వారం మీరు తొందరపడి వెళ్లిపోయారు కాబట్టి దొరికిపోయాం. ఎంత బాగా దిద్దానంటే, తను వదిలేస్తున్నాడని ఆయనకే తెలీదు. ఇంక డాక్టరంటే ఎందుకొస్తాడు? ఏ తప్పు చూపించి రమ్మనాలి? అన్నీ నేనే తుడిచేశానే!

ఇవాళ పొద్దున సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

నాన్న తన గడ్డం తనే గీసుకుని వచ్చాడు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమవైపు నురగ ఎండి, తెల్లగా అట్టకట్టి ఉంది. ఆ మొహంతో వీధంతా నడిచొచ్చి, తాళం తీసి, "ఏరా, ఇంతాలస్యం" అని నన్నే కోప్పడ్డాడు.

అప్పుడైనా టాక్సీ పిలవాలా వద్దా? మీరైతే ఏం చేసేవారు, చెప్పండి?

నేను కూర్చోబెట్టాను. పౌడరు రాస్తానన్నాను. ఎడమ చెంప శుభ్రంగా గీసి, పటిక రుద్ది, మొహం తుడిచి బయట కూర్చోబెట్టాను. చూడండి, పెళ్లికొడుకులా లేడూ?

భయమేసింది మాస్టారూ, అంతే. డాక్టరు దానికో పేరు పెడతాడు. పెట్టాక నాన్న చేతిలోంచి కత్తి లాక్కోవాల్సింది నేనే కదా.

ఇదేంటి... చూశారా? వణుకుతోంది. కత్తి పట్టిన ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి. ఈ చేత్తో మీ గొంతు దగ్గరికి రాలేను, లేవండి. చేయి వణికితే డాక్టరు దగ్గరికి పోవాలన్నది ఆయనే కదా? నా చేయి వణుకుతోంది, పద నాన్నా అంటాను. నాకోసమైనా వస్తాడు. అక్కడికెళ్లాక ఆయన ఎదురుగానే అంతా చెప్పేస్తాను.

ఇదిగో టవల్. తెలుసండీ, ఆ పక్క నురగ అలాగే ఉంది. ఎడమ చెంప ఇంటికెళ్లి గీసుకోండి. మీకూ అలవాటేగా.